పసుపుపచ్చ వైరు

తల క్లచ్ పెడలు కింద, నడుము తలుపు అంచు మీద, కాళ్ళు బయట ఎండలో, నోట్లో టార్చి. సెలవు రోజు మధ్యాహ్నం లోకమంతా మంచాల మీద పడుకుంటే నేను ఇలా పడుకున్నాను, అదీ నా బండి కాదు, మా ఆవిడ బండి, సరిగ్గా చెప్పాలంటే మా ఆవిడ మొదటి భర్త బండి, ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఈ పాత పికప్ ట్రక్కు మాత్రం ఆయన పేరు చెప్పుకునే బతుకుతోంది, వీధిలో వాళ్ళు ఇప్పటికీ ‘అదిగో ఆయన బండి వచ్చింది’ అంటారు, పక్క సీట్లో నేను దిబ్బలా కూర్చుని ఉన్నా సరే. హెడ్‌లైట్లు మార్చమంది మా ఆవిడ. తెల్లవారకముందే ఆఫీసులకిచ్చే మొక్కలు ఎక్కించుకుని బయలుదేరాలి కదా, ఈ లైట్ల వెలుతురులో రోడ్డూ గుంటా ఒకేలా కనిపిస్తున్నాయి అంది. మార్చమన్నది లైట్లే. వైరింగంతా పీకి పారెయ్యమని ఎవరూ అనలేదు, అది నా సొంత తెలివి. ఒట్టి లైట్లు మార్చి ఏం లాభం, ఈ సన్నటి వైర్లలో కరెంటు సగం దారిలోనే నీరసించిపోతోంది, బ్యాటరీ దగ్గర్నుంచి లావు వైరు లాగి, మధ్యలో రిలే పెట్టి, కొత్త ఫ్యూజు పెట్టె బిగిస్తే తప్ప కుదరదు అన్నాను. అన్నది నిజమే, కానీ ఆ నిజం చెప్పడానికి నాకంత హుషారు ఎందుకొచ్చిందో ఆవిడకి తెలియకపోయినా నాకు తెలుసు. ఆయన చేత్తో వేసిన ప్రతి వైరూ ఇందులోంచి బయటికి రావాలి, సాయంత్రానికి ఈ బండిలో ఆయన చెయ్యి పడిన జాగా ఒక్కటీ మిగలకూడదు. పొద్దుటి నుంచీ పీకుతున్నాను, పీకిందంతా నా కాళ్ళ దగ్గర కుప్పగా పడి ఉంది.

కుప్పంతా పసుపుపచ్చే, మరో రంగు లేదు. ఆయనకి ఎక్కడో ఒక పెద్ద వైరు చుట్ట దొరికిందట, ఇక జీవితాంతం హెడ్‌లైటుకీ అదే, హారనుకీ అదే, బ్రేకు లైటుకీ అదే. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుని. లిఫ్టు తలుపు వెనక చూస్తే ప్రతి వైరుకీ ఒక రంగు, రెండు కొసలకీ నెంబరు తొడుగు, గోడకి అంటించిన వైర్ల బొమ్మ, ఎవరొచ్చినా ఎక్కడ ఏముందో చెప్పెయ్యచ్చు. నెంబరు లేని వైరంటే నాకు పిలిస్తే పలకని మనిషితో సమానం. ఆయన వడ్రంగి, తలుపులూ కిటికీలూ చేసేవాడు, ఆయనకి నెంబర్లు ఎందుకు, నల్లదారంతో ముళ్ళు వేసుకున్నాడు. పోయిన సెలవుకి మొదటిసారి చూసినప్పుడు అవి ముళ్ళని నేను గుర్తుపట్టలేదు, మురికి అనుకున్నాను. మా ఆవిడే తలుపు దగ్గర నిలబడి, లోపలికి తొంగి కూడా చూడకుండా, “రెండు ముళ్ళున్నాయా? అయితే ఎడమ ఇండికేటరు. ఒక్కటైతే హారను. మూడుంటే బ్రేకు లైటు” అని గడగడా అప్పజెప్పేసింది. నీకెలా తెలుసు అంటే, “టార్చి పట్టుకున్నది నేనే కదా” అంది. అంతే అంది, మామూలుగానే అంది. ఈ సీటు కింద ఇద్దరూ తలలు ఆనించుకుని, ఆవిడ టార్చి పట్టుకుంటే ఆయన ముళ్ళు వేస్తూ, ఒకటీ రెండూ మూడూ అని చెబుతూ, ఏం నవ్వుకునేవాళ్ళో. నా టార్చి నా నోట్లోనే ఉంది, చొంగ కారుతోంది. పట్టుకోమని నేను అడగలేదు, అది వేరే సంగతి.

ఆ ముళ్ళ లెక్క నాకెందుకులే, నా దగ్గర టెస్టరు ఉంది కదా అని ఆ రోజే కొన్ని వైర్లు ఊడదీసి నా పద్ధతిలో నేను కలిపాను. అన్నీ సరిపోయాయనే అనుకున్నాను. ఆవిడ వీధి చివరిదాకా వెళ్ళొస్తానని తీసింది, మలుపు దగ్గర ఎడమకి ఇండికేటరు వేసింది, అంతే, బండి దిక్కులు పిక్కటిల్లేలా హారను మోగించడం మొదలుపెట్టింది, ఆపడం ఆవిడకి చేతకాలేదు, మలుపు పూర్తిగా తిరిగేదాకా మోగుతూనే ఉంది, మందుల షాపువాడు బయటికొచ్చి దణ్ణం పెట్టాడు. తిరిగొచ్చి స్టీరింగు మీద తల పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. నవ్వుతూ నవ్వుతూ “ఆయనైతే” అంది, ఆగిపోయింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని దిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆయనైతే ఏమిటి? చెప్పచ్చు కదా. ఆయనైతే ఇంత దరిద్రంగా కలిపేవారు కాదు అని పూర్తిగా అనేస్తే ఒక పూట బాధపడి ఊరుకుందును, సగం మాట విసిరేసి వెళితే మిగతా సగం నేనే రాసుకోవాలి, నేను రాసుకునేది ఎప్పుడూ నాకు వ్యతిరేకంగానే వస్తుంది.

ఆ ‘ఆయన’తో నేను పడే అవస్థ పగవాడికి కూడా వద్దు. మా ఆవిడ నన్నూ ఆయన అనే అంటుంది, ఆయన్నీ ఆయన అనే అంటుంది, ఇంకేమంటుంది పాపం, భర్త పేరు పెట్టి మాట్లాడే అలవాటు లేదు. ఫోనులో ఎవరితోనో “ఆయన ఇలాంటి పనులు చాలా జాగ్రత్తగా” అంటుంది, నేను వంటింటి గుమ్మం పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడతాను, “చేస్తారు” అంటే నేను, “చేసేవారు” అంటే ఆయన. క్రియ వచ్చేదాకా నాకు ఈ ఇంట్లో నిలకడ లేదు. ఒక్కోసారి వాక్యం మధ్యలో పాలు పొంగుతాయి, ఆవిడ ఫోను పెట్టేసి పరిగెడుతుంది, ఇక ఆ రోజంతా ఆ జాగ్రత్త గలవాడు నేనో ఆయనో తేలక ఛస్తాను. అడగచ్చు కదా అంటే ఎలా అడగను, ఇందాక నువ్వన్నది బతికున్నవాడినా పోయినవాడినా అనా? పైగా అత్తయ్య చెప్పింది ఒకటుంది. అత్తయ్య అంటే ఆయన తల్లి. కొడుకు పోయాక కోడలితోనే ఉండిపోయింది, కోడలికి దగ్గరుండి నాతో పెళ్ళి చేసింది, నా కోడలు నాకు కూతురైనప్పుడు ఈయన నాకు అల్లుడు కాక ఏమవుతాడు అని అందరి ముందూ తేల్చి, ఆ రోజు నుంచీ నన్ను అల్లుడుగారూ అనే పిలుస్తుంది, మీరు అనే అంటుంది. ఒకసారి ఏదో మాటల్లో, “వాణ్ణి నువ్వు అనేది అమ్మాయి. మొగుణ్ణి నువ్వు అంటావేమిటే అని తిట్టేదాన్ని, వినేది కాదు” అంది. నన్ను మీరు అంటుంది మా ఆవిడ. గౌరవమట. ఆ గౌరవం తీసి అవతల పారేసి ఒక్కసారి నువ్వు అంటే చాలని నేను ఎన్నిసార్లు అనుకున్నానో ఆవిడకేం తెలుసు.

చెమట కంట్లోకి కారుతోంది. తుడుచుకుందామంటే చేతినిండా నల్లటి జిగురు. ఇక మిగిలింది ఒక్క వైరే. స్టీరింగుకి ఎడమపక్క, డాష్‌బోర్డు కింద, ఇంట్లో బెడ్‌లైటుకి పెట్టుకునే రకం ఒక చిన్న గుండ్రటి స్విచ్చి ఉంది, ఈ వైరు దానిది. పెళ్ళయిన మొదటి వారంలోనే చూశాను దాన్ని. బండి ఆపుతుంది, ఇంజను కట్టేస్తుంది, తాళం చెవి తీయకముందే ఆవిడ వేలు దాని మీదికి వెళుతుంది, టిక్. కాసేపు అలాగే కూర్చుంటుంది. మళ్ళీ టిక్. అప్పుడు దిగుతుంది. ఏ లైటూ వెలగదు, ఏదీ మోగదు. కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను, పక్కన కూర్చునీ చూశాను, ప్రతిసారీ అంతే. అదేమిటని అడిగితే ఏం లేదంది. ఏం లేనిదాన్ని నొక్కడం ఎందుకంటే అలవాటంది. అలవాటు అనే మాట ఎంత మెత్తగా ఉంటుందో అంత గట్టిగా తలుపు మూసేస్తుంది. ఇవాళ పొద్దున్న నేను సామాను సర్దుకుని వస్తుంటే, వీధి అవతల ఉన్న మొక్కల తోటకి బయలుదేరుతూ వెనక్కి తిరిగి, “అన్నీ మీ ఇష్టం వచ్చినట్టు మార్చండి. ఆ స్విచ్చి జోలికి మాత్రం వెళ్ళకండి” అంది. అంటే అక్కడ ఆయన ఉన్నాడన్నమాట. పసుపుపచ్చ కుప్పంతా నాకొదిలేసి ఆయన ఆ స్విచ్చిలో దాక్కున్నాడు. అద్దం వెనక ఏ ఫొటోకో చిన్న బల్బు పెట్టాడా, సీటు కింద ఏదైనా అర కట్టాడా, వడ్రంగి కదా, అరలు కట్టడం తెలుసు, ఇద్దరికీ మాత్రమే తెలిసిన మాట ఏదైనా అందులో ఉందా. పొద్దుటి నుంచి మిగతా వైర్లన్నీ పీకుతున్నా నా ఆలోచనంతా ఈ ఒక్కదాని మీదే ఉంది.

మొదలు దగ్గర చూశాను. ఒక ముడీ కాదు, రెండూ కాదు. నల్లదారాన్ని పువ్వు ముడి వేశాడు, స్కూలు పిల్లల జడకి రిబ్బను కట్టినట్టు, రెండు చెవులు విప్పార్చి. హారనుకీ బ్రేకుకీ లెక్క ఉంది, దీనికి లెక్క లేదు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంత ఇరుకులో, ఇంత చెమటలో, అంత పెద్ద వడ్రంగి చేతులతో పువ్వు ముడి వేస్తూ కూర్చున్నాడంటే పక్కన టార్చి పట్టుకున్నావిడ మొహం చూస్తూనే వేసి ఉంటాడు. చాకు చేతిలోనే ఉంది. కొయ్యలేదు, కోస్తే అది ఎక్కడికి వెళుతుందో తెలియకుండా పోతుంది, ముందు తెలియాలి. వైరు పట్టుకుని కాళ్ళ కింద పరిచిన చాప కిందికి వెళ్ళాను. చాప ఎత్తితే మట్టి, ఎండిన ఆకులు, తుప్పు పట్టిన ఒక హెయిర్‌పిన్ను. ఆవిడ ఇప్పుడు పిన్నులు పెట్టుకోదు, జుట్టు గట్టిగా ముడేసి క్లిప్పు పెడుతుంది. పిన్నులు పెట్టుకునే ఆవిణ్ణి నేను చూడనేలేదు. జేబులో వేసుకున్నాను ఎందుకో, మళ్ళీ తీసి అక్కడే పెట్టేశాను.

నేను ఆవిణ్ణి మొదటిసారి చూసేటప్పటికే క్లిప్పు ఉంది. ఆఫీసు లిఫ్టులో ఇరుక్కుపోయింది ఆవిడ, తనకంటే పొడవున్న మొక్కలతో. నేను పై నుంచి తలుపు తెరిస్తే ఆకుల మధ్య నుంచి మొహం పైకెత్తి, భయం లేదు ఏం లేదు, “ముందు మొక్కలు తీయండి, తర్వాత నన్ను” అంది. నేను మొక్కలన్నీ తీశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి లాగాను. కుండీలన్నీ మోసుకొచ్చి బండిలో పెట్టాను, ఈ బండిలోనే, అప్పుడు దీన్ని చూసి ఎంత ముచ్చటపడ్డాను, ఎంత బాగా చూసుకుంటున్నారండీ అన్నాను, “ఆయన బండి” అంది. చూడండి, మొట్టమొదటి రోజునే నేనీ బండిని మెచ్చుకుని ఆయనకి జై కొట్టాను. వైరు పక్క సీటు కిందికి దూరింది, అంటే నేను కూర్చునే సీటు. ఆ కింద నేలకి చిన్న చిల్లు పెట్టి అందులోంచి కిందికి దింపాడు. రేకు అంచుకి రాసుకుని వైరు తెగిపోకుండా చిల్లులో ఏదో రబ్బరు ఇరికించాడు. టార్చి దగ్గరగా పెట్టి చూస్తే ఇంజక్షను మందు సీసా బిరడా. సీసా బిరడా మధ్యలో చిల్లు పొడిచి, అందులోంచి వైరు దూర్చి, రేకులో బిగించాడు. ఇన్ని వానలకీ ఆ జాగాలో చుక్క తుప్పు లేదు. మేము కంపెనీ నుంచి తెప్పించుకునే రబ్బరు తొడుగు కూడా ఇంత శుభ్రంగా కూర్చోదు. శభాష్ అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన పనికిమాలినవాడైతే ఎంత హాయిగా ఉండేది. తాగేవాడనో, కొట్టేవాడనో, కనీసం గురక పెట్టేవాడనో ఎవరైనా అంటారేమోనని ఏడాది నుంచీ చెవులు రిక్కించుకుని తిరుగుతున్నాను, ఎవరూ అనరు. నిద్రలో గుండె ఆగి పోయాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. పోయినవాడు కాఫీ ఒలకబొయ్యడు, తువ్వాలు మంచం మీద పడెయ్యడు, హారనూ ఇండికేటరూ తారుమారు చెయ్యడు. నేను రోజూ చేస్తాను. రోజూ ఓడిపోతాను.

బండి కింద వెల్లకిలా దూరి పక్క తలుపు కిందకి పాకాను. కాలు మోపి ఎక్కే మెట్టు కింద మట్టి గడ్డకట్టి ఉంది. గీకాను. మట్టి కింద ఇనుము, ఇనుము కింద గాజు. పాత సైకిలు ముందు లైటు డొప్ప, బోర్లా బిగించి ఉంది, నేలని చూస్తూ. ఫొటో లేదు, అర లేదు. నేలకి లైటు ఎందుకు పెట్టినట్టు?

“అల్లుడుగారూ, బండి కింద ఏం పోయింది?” వరండాలోంచి అత్తయ్య. బీన్సు తుంచుతూ కూర్చుంది, చూపు ఆనదు, వేళ్ళతోనే తుంచుతుంది.

“ఏం లేదత్తయ్యా. ఇక్కడేదో లైటుంటేనూ.”

“ఆ పక్క మెట్టు కిందా? అది అమ్మాయి లైటు. వానాకాలం ఒకసారి చీకట్లో దిగబోయి ఇంటి ముందు ఆ కాలవలో కాలేసింది, మడమ బెణికింది. వాడు అన్నం కూడా తినకుండా అప్పటికప్పుడు కూర్చుని పెట్టాడు. బండి ఆపగానే ముందు ఆ స్విచ్చి నొక్కేవాడు, అమ్మాయి చూసుకుంటూ దిగేది. నేనిక్కణ్ణుంచి ఆ వెలుతురు చూసి వచ్చారని అన్నం వడ్డించేదాన్ని.”

“ఇప్పుడు వెలగదు కదా అత్తయ్యా.”

“వాడు పోయిన కొన్నాళ్ళకే మాడిపోయింది. మెకానిక్కు వేస్తానంటే అమ్మాయి వద్దంది. ఎందుకు వద్దందో నన్నడక్కండి, నేనడగలేదు.” ఇంకో బీన్సు పుటుక్కుమని తుంచింది.

బండి కింద చల్లగా ఉంది, లేవబుద్ధి కాలేదు. కాబట్టి సంగతి ఇదీ. వెలగని లైటుని నొక్కుతోంది ఆవిడ, ఇన్నేళ్ళుగా. ఇప్పుడు తనే బండి నడుపుతుంది, దిగేది అటు తలుపులోంచి, లైటున్నది ఇటు తలుపు కింద, వెలిగినా ఆవిడకి పనికిరాదు. అయినా నొక్కుతుంది. అసూయ అంటే నాకు కొత్త కాదు, కానీ ఇంతకుముందు నా అసూయకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది, పసుపుపచ్చ వైరు దొరికితే పీకేవాణ్ణి, ఆయన చేసిన బల్లకి కాలు ఊగితే సంతోషపడేవాణ్ణి. దీన్ని ఏం చెయ్యను? చాకు తీశాను. ఇక్కడ, బిరడా కిందనే, చటుక్కున కోసేస్తే? ఏమవుతుంది? ఏమీ అవదు. అదే నా ఖర్మ. రాత్రికి ఆవిడ వస్తుంది, టిక్ అంటుంది, ఎప్పటిలాగే ఏమీ వెలగదు, ఎప్పటిలాగే కాసేపు కూర్చుని మళ్ళీ టిక్ అంటుంది. నేను వైరు కోసినా, స్విచ్చి వెనక వైరే లేకపోయినా, ఆవిడకి తెలియదు, వాళ్ళిద్దరి మాటకీ అది అడ్డం పడదు. కరెంటు లేకుండా నడిచేదాన్ని కోసి ఆపడం ఎలాగో ఏ మెకానిక్కుకీ తెలియదు. వెలిగే లైటైతే నేను దాని పక్కన నా లైటు పెట్టి, ఇదిగో చూడు, ఏది ఎక్కువ వెలుతురిస్తోందో నువ్వే చెప్పు అందును. వెలగని దానితో పోటీకి ఎలా దిగను?

అయితే వెలిగించాలి. ఆ ఆలోచన మంచితనంతో వచ్చింది కాదు, పచ్చి కుళ్ళుతో వచ్చింది, ఆ సంగతి నా దగ్గర నేను దాచుకోను. వెలిగిస్తే అలవాటు చెడుతుంది. ఒకసారి వెలిగాక అది గుర్తు కాదు, లైటు, బల్బు నాది, కరెంటు నా కొత్త ఫ్యూజు పెట్టెలోంచి వస్తుంది, రేపు మాడిపోతే మార్చేది నేను. ఆవిడ వద్దన్నది స్విచ్చి జోలికి వెళ్ళవద్దని, బల్బు జోలికి వెళ్ళవద్దని అనలేదు. కోర్టులో వాదించినట్టు వాదించుకున్నాను బండి కింద పడుకుని. డొప్ప ఊడదీశాను, లోపల నల్లగా మాడిన బల్బు, ఆయన వేసిన బల్బు, దాన్ని గుడ్డలో చుట్టి అవతల పెట్టాను. బండి వెనక సామాను దింపేచోట బిగించడానికి తెచ్చిన చిన్న ఎల్‌ఇడి ఒకటి మిగిలింది, దాన్ని పెట్టాను. గాజు కడిగాను. ఎర్తు వైరు తుప్పు పట్టి ఉంటే ఇనుము మెరిసేదాకా గీకి బిగించాను. పసుపుపచ్చ వైరు అలాగే ఉంచాను, ఒక్కదాన్నే, పువ్వు ముడితో సహా. ఎందుకుంచానంటే బాగుంది కనక, తెగలేదు కనక, ఇంకా అడిగితే నాకు తెలియదు. కొత్త వైర్లన్నీ లాగి బిగించాక బ్యాటరీ కలిపాను, ఈ లైటు మాత్రం వెలిగించి చూడలేదు.

ఎండ గోడ దిగేసరికి ఆవిడ వచ్చింది, చేతుల నిండా మట్టి. “అయిందా?” అంది. అయిందన్నాను. బండిని గోడకి ఎదురుగా పెట్టి హెడ్‌లైట్లు సర్దాలి, అది ఒక్కరితో అయ్యే పని కాదు. ఆవిడ లోపల కూర్చుంది, నేను గోడ దగ్గర సుద్దముక్కతో నిలబడ్డాను. “డిమ్ము” అంటే డిమ్ము వేసింది, “బ్రైటు” అంటే బ్రైటు వేసింది. కొత్త వెలుతురు తెల్లగా వచ్చి గోడ మీద గీత గీసినట్టు నిలబడింది, ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడకుండా కాస్త దించాను. “అబ్బ, పట్టపగల్లా ఉంది” అంది ఆవిడ లోపల్నుంచి, నాకు ఛాతీ పొంగింది, ఒక్క నిమిషం. ఆయన పక్కన నిలబడి టార్చి పట్టుకున్నావిడే కదా, ఇప్పుడు నేను చెప్పినట్టు డిమ్మూ బ్రైటూ వేస్తోంది అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం కూడా ఆయన్ని పిలవకుండా ఉండలేకపోయాను.

ఒక చుట్టు తిరిగొద్దాం అంది. చీకటి పడుతోంది. ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చున్నాను, ఎడమకి తిరిగితే ఎడమ ఇండికేటరే వెలిగింది, మందుల షాపువాడు బయటికి రాలేదు. రోడ్డు మీద గుంటలన్నీ దూరం నుంచే కనిపిస్తున్నాయి, ఆవిడ ఒక్కోదాన్నీ తప్పిస్తూ నా వైపు చూసి నవ్వుతోంది, నేను నవ్వలేకపోతున్నాను. ఇంకాసేపట్లో ఇంటి ముందు ఆపుతుంది, వేలు అక్కడికి వెళుతుంది. చెప్పేద్దామా? ఇలా చేశాను, నీకు కోపం రావచ్చు అని ముందే చెప్పేస్తే? చెప్పలేదు. ఆవిడ మొహం ఎలా మారుతుందో చూడాలని ఉంది నాకు, ఏడుస్తుందేమోనని భయంగానూ ఉంది, ఏడిస్తే ఎవరి కోసమో ఈసారి క్రియ లేకుండానే తెలిసిపోతుంది.

ఇంటి ముందు ఆపింది. ఇంజను కట్టేసింది. హెడ్‌లైట్లు ఆర్పేసింది. వాకిలంతా చీకటి, వరండాలో లైటు వెయ్యలేదు, అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తున్నట్టుంది. ఆవిడ వేలు స్విచ్చి మీదికి వెళ్ళింది, టిక్.

నా తలుపు కింద నేల తెల్లబడింది. కాలవ అంచు, పగిలిన కుండీ పెంకు, రెండు ఎండుటాకులు, అన్నీ ఇంతింత నీడలతో. ఆవిడ కదల్లేదు. నా వైపు కాదు, నన్ను దాటి కిటికీలోంచి ఆ నేల వైపు చూస్తోంది. అరుస్తుందనుకున్నాను. “ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?” అంది, అరవకుండా. వద్దంటే తీసేస్తాను అన్నాను, నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. రెండో టిక్ కోసం చూశాను, అది రాలేదు, వేలు స్విచ్చి మీదే ఉంది, దాని మీద మట్టి ఆరిపోయి తెల్లగా ఉంది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ నేను పక్కన ఉన్నప్పుడు కూడా నొక్కింది, నొక్కి ఆగింది, నేను దిగేదాకా ఆగింది, నేను దిగాకే మళ్ళీ నొక్కింది. అది నా కోసమా, లేక ఇటువైపు ఎవరూ లేకపోయినా నొక్కుతుంది కనక ఆయన చేసినట్టు చెయ్యడం కోసమా, నాకు తెలియదు, అడిగితే అలవాటు అంటుంది. “కాలవుంది. చూసుకుని దిగండి” అంది.

తలుపు తీశాను. ఆయన ఆవిడ కోసం పెట్టిన వెలుతురులోకి నా కాలు దించాను. చెప్పు కింద పెంకు కిరుక్కుమంది.

“వచ్చావా నాన్నా?” అంది వరండాలోంచి అత్తయ్య, నిద్ర గొంతుతో.

నా చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూశాను, ఆవిడ నన్నే చూస్తోంది, అత్తయ్యకి తను జవాబు చెప్పడం లేదు, ఎప్పుడూ తనే చెబుతుంది. ఆ వెలుతురు చూసి ఆ ముసలి గొంతు పిలిచింది ఎవరినో నాకెవరూ చెప్పక్కర్లేదు. నేను నోరు మూసుకుంటే ఆ పిలుపు నేరుగా ఆయనకే వెళ్ళిపోతుంది. వెళ్ళనివ్వబుద్ధి కాలేదు.

“వచ్చానమ్మా” అన్నాను.